తాతయ్యా, మా ఆవు మనిషిని తినేసింది!

మా బిల్డింగులో కుక్కల్ని, పిల్లుల్ని పెంచకూడదు. అద్దె అగ్రిమెంటులోనే ఆ మాట రాసి ఉంది. బహ్రెయిన్‌లో వీధి పిల్లులకేమీ కొదవ లేదు. మేముండే జుఫైర్‌లో అయితే ప్రతి చెత్తడబ్బా పక్కనా ఒక పిల్లి సంసారం ఉంటుంది. వాటిలో ఒకదాన్ని పైకి తెచ్చుకుంటానని మావాడు రెండేళ్ళుగా ఒకటే పోరు. వాడికి 9 ఏళ్ళు. పోయిన వేసవిలో ఆ పోరు మరీ ముదిరింది. టికెట్ల ధరలు చూసి ఊరి ప్రయాణం డిసెంబరుకు వాయిదా వేసుకున్నాం. స్నేహితులందరూ ఇండియా వెళ్ళిపోయారు. బయటకు పంపుదామంటే, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఆరుబయట కూలిపని కూడా చేయించకూడదని ప్రభుత్వమే నిషేధించే ఎండలాయె!

ఒక శుక్రవారం పొద్దున మావారు విసిగిపోయి, "పిల్లి ఎందుకురా, నీకు కొండంత జంతువునిస్తా ఉండు" అని స్టోర్‌రూమ్‌లోంచి ఒక అట్టపెట్టె దించారు. ఆయన ఇంజనీరింగు చదివేటప్పుడు సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొనుక్కున్న సీడీలు అందులో ఉన్నాయి. పెళ్ళయ్యాక మూడు ఇళ్ళు మారినా ఆ పెట్టెను పారేయనివ్వలేదు మహానుభావుడు. అందులోంచి తీసిన ఆట పేరు 'బ్లాక్ అండ్ వైట్'.

ఇది 2001లో వచ్చింది. ఇంగ్లండులో గిల్డ్‌ఫర్డ్ అనే ఊళ్ళో ఉండే లయన్‌హెడ్ అనే కంపెనీ తయారుచేసింది. దాన్ని పెట్టినవాళ్ళలో పెద్ద పేరు పీటర్ మోలినోది. అంతకు ముందు 1989లో ఆయనే 'పాపులస్' అని ఒక ఆట చేశాడు. ఆడేవాడే దేవుడై పైనుంచి ఊళ్ళను ఏలే ఆటలకు 'గాడ్ గేమ్స్' అనే పేరు అలవాటైంది దానితోనే. బ్లాక్ అండ్ వైట్‌లోనూ మీరు దేవుడే. కానీ మీకు ముఖం ఉండదు, కిరీటం ఉండదు, తెర మీద ఒక చెయ్యి మాత్రం ఉంటుంది. ఆ చేత్తో చెట్లు పీకొచ్చు, ధాన్యం పోయొచ్చు, మనుషుల్ని ఎత్తి సముద్రంలోకి విసిరేయొచ్చు. మంచి దేవుడవుతారా, చెడ్డ దేవుడవుతారా అన్నది మీ ఇష్టం. మా అత్తగారు రెండు నిమిషాలు చూసి, "ఉన్న అవతారాలు చాల్లేదుటమ్మా వీళ్ళకి?" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ ఆటకు ప్రాణం మాత్రం దేవుడు కాదు, దేవుడు పెంచుకునే జంతువు. మొదట్లో మూడు చూపిస్తారు: కోతి, పులి, ఆవు. ఒకదాన్ని ఎంచుకుంటే అది చిన్న పిల్లలా మీ దగ్గరకు వస్తుంది. మీరు ఎలా పెంచితే అలా పెరుగుతుంది, చివరికి ఇళ్ళ కప్పులు దాటిపోతుంది. మావాడు పులి అంటాడనుకున్నాను. వాడి 5 ఏళ్ళ చెల్లెలు ఆవు కావాలని ఏడ్చింది. సరే ఆవే. పేరు బుజ్జమ్మ.

కొత్త విండోస్ మీద ఈ ఆట ఒక పట్టాన నడవదు. లయన్‌హెడ్ 2016లోనే మూతపడింది కాబట్టి అడగడానికి దిక్కూ లేదు. మావారు పాత ల్యాప్‌టాప్ ఒకటి బయటకు తీసి దుమ్ము దులిపారు. ఆయన మురిసిపోతూ పిల్లలకు చెప్పిన ఇంకో ముచ్చట: ఈ ఆట మొదలుపెట్టిన రోజుల్లో దాని కృత్రిమ మేధ మీద పనిచేసిన కుర్రాడి పేరు డెమిస్ హసాబిస్. 1998లో బయటకు వచ్చి సొంత కంపెనీ పెట్టుకున్నాడు, 2010లో డీప్‌మైండ్ స్థాపించినవాళ్ళలో ఒకడయ్యాడు, 2024లో ప్రొటీన్ల ఆకారాలు ఊహించే పనికి రసాయనశాస్త్రంలో నోబెల్ పంచుకున్నాడు. "అయితే మన బుజ్జమ్మకు నోబెల్ చుట్టరికం ఉందన్నమాట" అన్నాను.

ఆ చుట్టరికం మూడో రోజుకే బయటపడింది. బుజ్జమ్మకు ఆకలేసింది. పక్కనే ధాన్యం కొట్టు ఉంది, పొలం ఉంది. అది అటూ ఇటూ చూసి, దారిన పోతున్న ఒక ఊరివాణ్ణి ఎత్తి నోట్లో వేసుకుంది. చిన్నది కెవ్వుమంది. మావాడు మౌస్ పట్టుకుని టపాటపా కొట్టడం మొదలుపెట్టాడు. ఈ ఆటలో శిక్షణ అంతా ఆ చేతితోనే. మెల్లగా రాస్తే నిమిరినట్టు, విసురుగా కదిపితే కొట్టినట్టు. నిమిరితే చేసిన పని మళ్ళీ చేస్తుంది, కొడితే మానుకుంటుంది. చెప్పడానికి ఇంతే.

సరిగ్గా ఆ సమయంలో మా నాన్న ఫోను.

ఇక్కడ కొంచెం ఆగి ఆ ఫోన్ల సంగతి చెప్పాలి. మా ఊరు ప్రకాశం జిల్లాలో చీమకుర్తి దగ్గర. నాన్నకు 74 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులతో అరుగు దిగడం తగ్గించేశాడు. వారానికి రెండు సార్లు వీడియో కాల్. "బాగుండావా అబ్బాయ్?" "బాగున్నా తాతయ్యా." "అన్నం తిన్నావా?" "తిన్నా." అంతే, ఆ తరవాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఫోను నా చేతికొస్తుంది. వాడికి తెలుగు అర్థమవుతుంది కానీ నాలుగో మాటకు ఇంగ్లీషులోకి జారిపోతాడు, ఆయనకు ఇంగ్లీషు రాదు. ఇలా మా ఇంట్లో అయిదేళ్ళు గడిచాయి. మీ ఇళ్ళలోనూ చాలామందికి ఇదే కథ అయి ఉంటుంది. ప్రేమ లేక కాదు. మాట్లాడుకోవడానికి ఇద్దరికీ కలిపి ఒక వస్తువంటూ ఏదీ లేదు.

ఆ రోజు మాత్రం వాడు ఫోను లాక్కుని, "తాతయ్యా, మా ఆవు మనిషిని తినేసింది!" అన్నాడు.

నాన్న ఒక్క క్షణం ఏమీ అనలేదు. "ఏందీ?" అన్నాడు. నేను కెమెరాను తెర వైపు తిప్పాను. బుజ్జమ్మ రెండు కాళ్ళ మీద నిలబడి ఉంది. ఈ ఆటలో జంతువులన్నీ మనుషుల్లా రెండు కాళ్ళ మీదే నడుస్తాయి. మనుషుల్ని తినడం కన్నా ఆయనకు అది ఎక్కువ అభ్యంతరంగా తోచింది. "రెండు కాళ్ళ మీద నడిచే ఆవేందిరా? మూపురం ఏదీ? గంగడోలేదీ?" గంగడోలంటే ఏమిటని వాడడిగాడు. నాన్న చెప్పాడు, మెడ కింద వేలాడే చర్మమని, గొడ్డు మంచి చేసుకోవాలంటే ముందు అక్కడే నిమరాలని. తరవాత ఒక ప్రశ్న అడిగాడు.

"తిన్నాక ఎంతసేపటికి కొట్టావు?"

వాడు ఆలోచించాడు. తిన్నది ఒకచోట, వీడు వెతుక్కుంటూ వెళ్ళి కొట్టింది ఇంకోచోట. ఈలోపు బుజ్జమ్మ ధాన్యం కొట్టు దగ్గరకు పోయి, ఎవరూ చెప్పకుండానే, చేతిలో ఉన్నదేదో కొట్టులో వేసింది. దెబ్బలు పడింది అప్పుడు.

"అయితే కొట్టులో వేసినందుకు కొట్టావు అనుకుంటది అది," అన్నాడు నాన్న.

నేను బి.ఎస్సీ. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. జంతు ప్రవర్తన పాఠంలో పావ్లోవ్ కుక్కా, స్కిన్నర్ పెట్టెలో మీట నొక్కే ఎలుకా చదువుకున్నదాన్ని. బహుమతి గానీ శిక్ష గానీ పనికి ఎంత దగ్గరగా పడితే నేర్చుకోవడం అంత గట్టిగా ఉంటుందని పరీక్షలో రాసి మార్కులూ తెచ్చుకున్నాను. మా నాన్న ఏ పుస్తకమూ చదవలేదు. 2008లో చివరి జత అమ్మేదాకా ఆయన కోడెల్ని కాడికి అలవాటు చేసినవాడు. మా ఊళ్ళోనే కాదు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళూ తమ కోడెల్ని తెచ్చి మా దొడ్లో కట్టి వెళ్ళేవాళ్ళు. ట్రాక్టర్లు వచ్చాక ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

ఆటలోనూ ఆయన చెప్పినట్టే జరుగుతుందా అని నాకు కుతూహలం పుట్టింది. ఈ జంతువు బుర్రను కట్టినవాడు రిచర్డ్ ఎవాన్స్ అనే ప్రోగ్రామరు. తాను ఏం చేశాడో 2002లో వచ్చిన ఒక పుస్తకంలో ఆయనే ఒక వ్యాసంగా రాశాడు. మావారు వివరిస్తుంటే నాకు అర్థమైనంత వరకు ఇదీ సంగతి. మనం నిమిరినా కొట్టినా అది అంతకు ముందే చేసిన పనికి ఒక మార్కు పడుతుంది. ఆ మార్కులన్నీ పోగేసి, ఏ లక్షణం వల్ల మంచి మార్కొచ్చింది, ఏ లక్షణం వల్ల చెడ్డ మార్కొచ్చింది అని అది ఒక చెట్టు గీసుకుంటుంది. ఎవాన్స్ ఇచ్చిన ఉదాహరణ ఊళ్ళ మీద దాడి చేయడం గురించి. ఆ ఊరు మనదా శత్రువుదా, దాని రక్షణ గట్టిదా కాదా, అక్కడి జనం ఏ జాతివాళ్ళు అని మూడు లక్షణాలు. కొన్ని దెబ్బలు, కొన్ని నిమరడాలు అయ్యాక, జాతితో పని లేదు, మొదటి రెండే లెక్క అని జంతువు తేల్చుకుంటుంది. ఆ మాట దానికి ఎవరూ చెప్పరు. దెబ్బల్లోంచి అదే పిండుకుంటుంది.

నాకు ఇది భలే నచ్చింది. పన్నెండేళ్ళుగా నా డిగ్రీ పనికొచ్చింది దోసెల పిండి పులియడం గురించి పిల్లలకు చెప్పడానికే. బడివాళ్ళు ఇచ్చిన పాత నోటీసుల వెనక గీతలు గీసి పట్టిక మొదలుపెట్టాను. ఏం తిన్నది, ఎక్కడిది తిన్నది, నిమిరామా కొట్టామా, మళ్ళీ ఆకలేసినప్పుడు ఎటు పోయింది. రెండు వారాల్లో ముప్ఫై వరసలు దాటాయి. మనిషిని తిన్న ప్రతిసారీ అక్కడికక్కడే దెబ్బ పడేసరికి ఆ అలవాటు మెల్లగా తగ్గింది. గొర్రెను తిన్నప్పుడు పిల్లలిద్దరూ ఒక మాట మీద లేరు. అన్న నిమిరాడు, చెల్లెలు మౌస్ లాక్కుని కొట్టింది. దానికి అదేమీ అర్థం కాక, ఒకరోజు గొర్రెల దగ్గరకు పోయి ఒకటి ఎత్తుకుని, చూసి, దింపేసి వెళ్ళిపోయింది. ఇద్దరు పెద్దవాళ్ళు రెండు రకాలుగా చెప్పే ఇంట్లో పిల్లల మొహాలు నాకు గుర్తొచ్చాయి కానీ పట్టికలో దానికి గడి లేదు.

ధాన్యం విషయమే అసలు తమాషా. మనిషిని మాని ధాన్యం తింటోంది కదా అని అందరం తెగ నిమిరాం. నాలుగు రోజుల తరవాత చూస్తే ఊరి కొట్టు ఖాళీ. జనం ఆకలితో గోల. మేము నిమిరింది "బుద్ధిగా కొంచెం తిన్నావు" అని. అది నేర్చుకున్నది "కొట్టులోది తింటే మంచిది" అని. నాన్నకు చెబితే పడీ పడీ నవ్వాడు. "చేలో పడిన గొడ్డును వాసన చూపించి తోలుకొచ్చినట్టుంది. పలుపు ఏదిరా దానికి?"

పలుపు! ఆ మాటతో మా ఆటే మారిపోయింది. ఈ ఆటలో జంతువు మెడకు వేసే తాళ్ళు మూడు రకాలు. ఒకటి వేస్తే నెమ్మదిగా ఉంటుంది, ఇంకొకటి వేస్తే దుడుకుగా ఉంటుంది, మూడోది నేర్చుకునే తాడు. అది మెడలో ఉన్నంతసేపూ మీరు ఏం చేస్తే అది కళ్ళప్పగించి చూస్తుంది, తరవాత తానూ చేయబోతుంది. మావాడు అప్పటిదాకా దుడుకు తాడు తప్ప వేరేది వాడలేదు, పక్క దేవుడి ఊళ్ళ మీద రాళ్ళు వేయించాలని. బుజ్జమ్మ ఒళ్ళు నల్లబడి, చూపు మారి, చిన్నది గదిలోకి రావడానికే భయపడే అవతారానికి వచ్చింది. పెంపకాన్ని బట్టి రూపం మారడం ఈ ఆటలో ఉన్నదే.

నాన్న కాడి సంగతి చెప్పుకొచ్చాడు. కోడెను ఒక్కసారిగా నాగలికి కట్టరు. ముందు ఉత్త కాడి మెడ మీద పెట్టి తిప్పుతారు. తరవాత ఒక దుంగ కట్టి లాగిస్తారు. జతగా మాత్రం ఎప్పుడూ పాత ఎద్దునే కడతారు. "సగం పాఠం ఆ పాత ఎద్దే చెబుద్ది. మనం ఊరికే ఎనకమాల నడవటమే."

"ఇందులో పాత ఎద్దు లేదు తాతయ్యా."

"నువ్వే."

వాడు నేర్చుకునే తాడు వేసి, బుజ్జమ్మను పొలం గట్టున నిలబెట్టి, దేవుడి చేత్తో చేల మీద వాన కురిపించాడు. అది చూసింది. మళ్ళీ కురిపించాడు. మళ్ళీ చూసింది. పిల్లాడికి విసుగు. నాన్న రోజూ అడిగేవాడు, "ఇయ్యాల ఎన్నిసార్లు తోలావు?" మాకూ ఇండియాకూ రెండున్నర గంటల తేడా. ఆయన తొమ్మిదికల్లా పడుకుంటాడు కాబట్టి మాకు సాయంత్రం అయిదున్నర ఆట వేళగా స్థిరపడింది. ఫోను కప్పుకు ఆనించి తెరకు ఎదురుగా పెట్టేవాళ్ళం. తొమ్మిదో రోజో పదో రోజో, తాడు విప్పి వదిలేశాక, బుజ్జమ్మ తనంతట తాను చేను దగ్గరకు పోయి, చేతులెత్తి, నీళ్ళు కురిపించింది. కొంత చేను మీద పడింది, కొంత ఒక ఇంటి మీద పడింది. మావాడు కుర్చీ మీద నిలబడి అరిచాడు. ఫోనులోంచి కూడా అరుపు వినిపించింది. "గంగడోలు నిమరరా, నిమురు, ఆలస్యం చెయ్యమాక!" బుజ్జమ్మకు గంగడోలు లేదు. వాడు మెడ కింద నిమిరాడు.

కొట్టడం విషయంలో నాకూ నాన్నకూ కుదరలేదు. చర్నాకోల చూపించకుండా కాడికి వచ్చిన కోడె లేదంటాడాయన. శిక్షతో పని ఆగుతుంది గానీ దాని బదులు ఏం చేయాలో జంతువుకు తెలియదని నా వాదన, స్కిన్నర్‌దీ అదే. ఈ ఆటలో నాకు కనిపించిన లోటు కూడా అక్కడే ఉంది. మా బుజ్జమ్మ ఎన్ని దెబ్బలు తిన్నా మర్నాడు పిలవగానే వచ్చేసింది. నిజం గొడ్డు అలా రాదు. ఈ మాట అంటే నాన్న కాసేపు ఊరుకుని, తన చిన్నప్పుడు వాళ్ళ ఇంట్లో ఉన్న ఒక ఎద్దు గురించి చెప్పాడు. దాన్ని కొట్టి కొట్టి అలవాటు చేసిన పాలేరును అది ఎనిమిదేళ్ళ తరవాత సంతలో గుర్తుపట్టి పొడిచిందట. నేను పుట్టి పెరిగిన ఇంట్లో ఈ కథ ఎన్నడూ వినలేదు. నా వాదనకే బలమిచ్చే కథ అని ఆయనకు తెలుసు, అయినా చెప్పాడు. మావాడు ఆ తరవాత దుడుకు తాడు వేయలేదు. ఆ రంగు తేరుకోవడానికి మాత్రం నెల పైన పట్టింది.

తెలుగు సంగతి అడుగుతారేమో. పలుపు, కాడి, కుడితి, గడ్డివామి, నెమరు, మూపురం, ముకుతాడు. ఈ మాటలన్నీ మావాడికి వచ్చాయి. 'దయచేసి', 'ధన్యవాదాలు' ఇంకా రాలేదు. నేను కొన్న తెలుగు వర్క్‌బుక్కు రెండో పేజీ దగ్గరే ఉంది. యాస పూర్తిగా మా నాన్నది. మొన్న వాళ్ళ నాన్నతో, "ల్యాప్‌టాప్ ఆపమాక నాన్నా" అంటే, తూర్పుగోదావరిలో పుట్టిన ఆయన నా వైపు చూశారు. ఇప్పుడు ఫోను మొదట నా చేతికి రాదు. ఒక్కోసారి అసలు రాదు. ఒంగోలు జాతి ఎద్దులు సముద్రం దాటి బ్రెజిల్ వెళ్ళి అక్కడ నెలోరే అనే పేరుతో కోట్లలో పెరిగాయని నాన్న చెబితే, వాడు మ్యాపు తీసి మా ఊరి నుంచి బ్రెజిల్ ఎంత దూరమో, మా ఊరి నుంచి బహ్రెయిన్ ఎంత దూరమో కొలిచి చూపించాడు.

సెప్టెంబరులో బడులు తెరిచారు, ఆట శుక్ర, శనివారాలకు తగ్గింది. ఎండ ఇంకా తగ్గలేదని ఒక శనివారం పిల్లల్ని మనామాలో సముద్రం పక్కనున్న నేషనల్ మ్యూజియంకు తీసుకెళ్ళాం. అక్కడ దిల్మన్ కాలం వస్తువుల్లో రాగితో చేసిన ఎద్దు తల ఒకటి ఉంది. బార్బార్ గుడి తవ్వకాల్లో దొరికింది, దాదాపు 4000 ఏళ్ళ నాటిది. వంపు తిరిగిన కొమ్ములు, పెద్ద కళ్ళు. చిన్నది చూడగానే "బుజ్జమ్మ!" అంది. మావాడు ఏమీ అనకుండా నా బ్యాగులోంచి ఫోను తీసి తాతయ్యకు కలిపాడు.

నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. కొమ్ముల తీరు మనది కాదన్నాడు. చేసినవాడికి గొడ్ల సంగతి బాగా తెలుసన్నాడు. ఎన్నేళ్ళదో వాడు చెబితే నమ్మలేదు, మళ్ళీ చెప్పించుకున్నాడు.

"ముట్టె దగ్గర చూడరా అబ్బాయ్. ముకుతాడు బెజ్జం ఉండాదేమో చూడు. దున్నిన ఎద్దో, ఉత్త బొమ్మో తెలిసిపోద్ది."

వాడు ఫోను నా చేతిలో పెట్టి, గాజు పెట్టెకు ముక్కు ఆనించి, కిందనుంచి పైకి వంగి చూడ్డం మొదలుపెట్టాడు.